తాబేలు ఎయిర్‌వేస్ వారి విరిగిన విమానం

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇది రాస్తున్న ఇప్పుడూ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. చదివి మీరు నమ్మితే అది మీ ఇష్టం, నన్ను మాత్రం మీ జట్టులో కలుపుకోకండి.

తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. చదువులేనివాళ్ళే ఇలాంటివి నమ్ముతారని కొందరి అభిప్రాయం. భిలాయిలో నేను పనిచేసిన గ్యారేజీకి వచ్చే కార్లలో, బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడేవన్నీ ఇంజనీర్లవీ డాక్టర్లవీను. ఆ దండ విప్పి పక్కన పెట్టి, సొట్ట తీసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి, మళ్ళీ ఆ దండ కట్టి ఇచ్చేవాణ్ణి నేను. కట్టడం మర్చిపోతే బండి తీసుకునేవారు కాదు.

అదీ నా వృత్తి. డెంటింగ్, పెయింటింగ్. దుర్గ్ వెళ్ళే రోడ్డు మీద రేకుల షెడ్డు. తొంభైల మధ్యలో సంగతి. పాతదాన్ని కొత్తదిగా చూపించడమే రోజంతా పని.

ఒకసారి ఒక కారు వెనక సీటు కింద విదేశీ పత్రిక ఒకటి దొరికింది. అక్షరాలు కొరుకుడు పడలేదు గానీ బొమ్మలు అర్థమయ్యాయి. కొందరు పెద్దమనుషులు బల్ల మీద పట్టేంత విమానాలు సొంతంగా తయారుచేసి, వాటిని కావాలని పాడు చేస్తున్నారు. రంగు పెచ్చులూడినట్టు, నూనె కారినట్టు, ఏళ్ళ తరబడి వానలో నానినట్టు. నేను రోజంతా చెమటోడ్చి దాచేవాటిని వాళ్ళు మురిపెంగా పెడుతున్నారు. ముందు నవ్వొచ్చింది. తర్వాత కుళ్ళు పుట్టింది. ఈ పని నాకంటే బాగా ఎవడికొస్తుంది? తుప్పు ఎక్కడ మొదలవుతుందో, ఏ అతుకు దగ్గర నీరు నిలుస్తుందో వేళ్ళతో తడిమి చెప్పగలను.

నిజం విమానం జోలికి పోలేదు. పోతే ఎవడో ఒకడు వచ్చి, కిటికీ ఇక్కడ కాదు అక్కడ అంటాడు. లోకంలో లేని విమానానికి తప్పు పట్టేవాడెవడు? కంపెనీ కూడా నేనే పెట్టాను: తాబేలు ఎయిర్‌వేస్. తోక మీద తాబేలు గుర్తు. సామాన్లు మోసే విమానం. అడవి మీదుగా పోతూ దిగబడిపోయింది, వెతకడానికి ఎవరూ రాలేదు, అక్కడే ఉండిపోయింది. పైలటు మాత్రం దిగి నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయాడని అనుకున్నాను. బొమ్మలో అయినా మనుషుల్ని చంపడం నాకిష్టం లేదు.

ప్రింటింగ్ ప్రెస్సువాళ్ళు తుక్కు కింద పారేసే పల్చటి అల్యూమినియం ప్లేట్లు దాని ఒంటి మీద చర్మం. లోపల ప్లైవుడ్డు చక్రాలు, పక్కటెముకల్లా. ఇంజన్లు కెమెరా రీలు వచ్చే నల్ల డబ్బాలు. కిటికీ అద్దాలకి పాత ఎక్స్‌రే ఫిల్మును బ్లీచింగు నీళ్ళలో కడిగితే నలుపు పోయి అద్దంలా వచ్చింది. టైర్లు ఇంజెక్షన్ సీసాల రబ్బరు మూతలు. ఇంజను ముందు తిరిగే దానికి పుస్తకాల్లో వేరే పేరు ఉందట, నాకది ఫ్యానే. దాని రెక్కలు నెయ్యి డబ్బా రేకు. రివెట్లు మాత్రం అరిగిన బాల్‌పెన్ను మొనతో, లోపలివైపు నుంచి, ఒక్కొక్కటే వరస తప్పకుండా నొక్కాను. గ్యారేజీకి వెళ్ళేముందు, పొద్దున్నపూట, వరండాలో నాన్న బల్ల మీద ఈ పని.

నాన్న గురించి చెప్పాలి. మా నాన్న భిలాయి స్టీలు ప్లాంటులో మిల్లు ఫిట్టరు. కుర్రతనంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, ఇక్కడే రిటైరై, స్మృతి నగర్లో చిన్న ఇల్లు తీసుకున్నాడు. కొన్నాళ్ళకే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. విమానం మొదలెట్టేనాటికి ఆయన లేడు, ఆయన బల్ల ఉంది.

ఆయనకి విరిగిన వస్తువు కంటపడితే అన్నం సయించేది కాదు. గొడుగు పుల్ల, బకెట్టు చెయ్యి, బొమ్మ కాలు, ఏదైనా సరే సన్నటి వైరుతో కట్టి నిలబెట్టేవాడు. ఎడమచేతి వాటం. అందుకని ఆయన వేసిన వైరు మెలి లోకానికి ఎదురు తిరిగి ఉండేది. అందరూ విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకునేది. మా స్నానాలగది బకెట్టుకి ఆ కట్టు చాలా ఏళ్ళుంది. చిన్నప్పుడు మా చెల్లెలు లలిత దాన్ని విప్పబోయి ప్రతిసారీ బిగించేసి, కోపంతో బకెట్టునే తన్నేది. ఆ బకెట్టు ఎన్ని తన్నులు తిన్నా చెయ్యి మాత్రం ఊడలేదు.

విమానం ఒక కొలిక్కి వచ్చాక అసలు సరదా మొదలైంది, పాడుచెయ్యడం. కింద తుప్పు రంగు వేసి, దాని మీద తడి ఉప్పు చల్లి, పైన వెండి రంగు కొట్టి, ఆరాక ఉప్పు దులిపేస్తే రంగు అచ్చం పెచ్చులూడినట్టే ఉంటుంది. దుమ్ము కొనక్కర్లేదు. మా ఊళ్ళో కిటికీ జాలీ తుడిస్తే దోసెడు ఎర్ర దుమ్ము. దాన్ని కిరసనాయిల్లో కలిపి అతుకుల్లోకి పారించాను. తర్వాత గుండె రాయి చేసుకుని, ఎడమవైపు ఫ్యాను రెక్క ఒకటి వంచాను, కుడి రెక్క చివర రేకు చింపాను, చక్రం కాలు ఒకటి విరిచాను. విమానం ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. అంత అందమైన శిథిలం ఆ జిల్లాలోనే లేదు.

సరిగ్గా అప్పుడే లలిత పురుటికి వచ్చింది. మా బావకి దుర్గ్‌లో రైల్వే ఉద్యోగం, ఆదివారాలు వచ్చి చూసి వెళ్ళేవాడు. లలిత బీఎస్సీ చదివింది. బొజ్జ మీద చెయ్యి పెట్టుకుని విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తీర్పు చెప్పింది.

"అన్నయ్యా, అల్యూమినియంకి జంగ్ పట్టదు. ఇంత ఎర్రగా ఏటి పూసీసావు?"

నిజమే. అల్యూమినియం పాతబడితే తెల్లగా బూడిద కడుతుందట. ఎర్ర తుప్పు ఇనుముకే. ఈ తప్పు ఇంకే ఊరివాడూ చెయ్యడు. భిలాయిలో పుట్టినవాడికి పాతబడటమంటే ఎర్రబడటమే. మా గేట్లు, మా సైకిళ్ళు, ఆరేసిన మా బనీన్లు అన్నీ ఆ రంగుకే తిరుగుతాయి. తప్పని తెలిసింది గానీ తుడవలేదు. ఇది స్టీలు టౌను విమానం, దీనికి అల్యూమినియం రూల్సు వర్తించవన్నాను. లలిత పొట్ట పట్టుకుని నవ్వింది. దాన్ని అంతలా నవ్వించొద్దని అమ్మ నన్ను తిట్టింది.

అమ్మ అసలు బాధ తుప్పు కాదు.

"ఇరిగిన సామాను ఇంట్లో ఉండకూడదని లోకం అంటే, నువ్వు కూకుని మరీ ఇరగ్గొట్టి పెడతావేటిరా? కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇంట్లోనా?"

దానికి కారణముంది. లలితకి అంతకుముందొకసారి ఆరో నెలలో కడుపు పోయింది. గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందని అత్తవారివైపూ మావైపూ కలిసి తేల్చారు. డాక్టరు వేరే మాట చెప్పింది, అది ఎవరికీ వినపడలేదు. లలిత చాలాకాలం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కూర తరిగేటప్పుడు చెయ్యి ఆగిపోయేది. బీఎస్సీ చదివిన పిల్ల, నిజంగా నా చేతుల్తోనే చేశానేమో అనుకుంటూ కూర్చునేది.

అందుకే నేను మొండికేశాను. అమ్మతో సూటిగా చెప్పాను.

"అమ్మా, నింద పడ్డానికి ఈసారి ఇంట్లో ఒక సామాను ఉండనీ. పోయినసారి లలిత మీద పడింది. ఇదైతే రేకు, సొట్టపడితే నేను తీసుకుంటాను."

గుమ్మంలో లలిత నిలబడి ఉందని నాకు తెలీదు. అది విని లోపలికెళ్ళిపోయింది.

ఇంతవరకూ అర్థమయ్యే సంగతులు.

ఒక పొద్దున్న బల్ల దగ్గరికి వెళ్ళేసరికి, వంచిన ఫ్యాను రెక్క తిన్నగా ఉంది. ఎవరో సరదాకి సాపుచేశారనుకుని వేలితో రాసి చూశాను. రేకు ఒకసారి మడతపడితే ఎంత సాపుచేసినా ఆ గీత వేలికి తెలుస్తుంది. నా పొట్ట నిండేదే ఆ గీత దాచడం మీద. ఎంత దాచినా నా వేలికి నేను దాచలేను. ఇక్కడ గీత లేదు. ఆ రెక్క ఎన్నడూ వంగనట్టే ఉంది.

అమ్మని అడిగాను. ఆవిడ ఆ బల్ల పక్కనుంచి వెళ్ళాల్సివస్తే చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని వెళ్ళేది, అది తగిలితే దోషమన్నట్టు. పైగా వేళ్ళ కణుపులు వాచి, పచ్చడి జాడీ మూత కూడా నాచేతే తీయించుకునే మనిషి. లలితని అడిగితే, నా మొహంలోకి చూసి, కడుపు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టబోయింది. అమ్మ వచ్చి దాని నోరు మూసింది. పుట్టని బిడ్డ మీద ఒట్లేటని ఇద్దర్నీ కలిపి తిట్టింది.

రెక్కని మళ్ళీ వంచాను. ఈసారి ఇంకొంచెం గట్టిగానే.

తర్వాత కుడి రెక్క చివర చిరుగు అతికింది. చిరిగిన రేకు అంచులు కలిసి, వాటి మీద సన్నటి పట్టీ, పట్టీ మీద రివెట్ల వరస. నేను బాల్‌పెన్నుతో నొక్కినవి కొద్దిగా అటూఇటూ ఉంటాయి. ఇవి తాడు పట్టి గీసినట్టున్నాయి. తుప్పు రంగు మాత్రం ఉన్నచోటే ఉంది. దుమ్ము అంటుకున్నచోటే ఉంది. విరిగిందే బాగుపడింది తప్ప, మాసిందాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నేను ఊరుకునే రకం కాదు కదా. "ఎవరోగానీ పెయింటు ముట్టుకోలేదే, పెయింటు వేరే డిపార్టుమెంటు కాబోలు" అన్నాను.

అమ్మ చేతిలో కంచం ఆగింది. అది నాన్న మాట. ఇంటికి సున్నం వెయ్యమంటే, తను మెకానికల్, పెయింటు వేరే డిపార్టుమెంటు అనేవాడు. నాకు గుర్తులేక అన్నానో, గుర్తుండే నోరు జారిందో చెప్పలేను. ఆరోజు నుంచి అమ్మ విమానాన్ని బయట పారెయ్యమనడం మానేసింది. బాగయితే బాగవనీ, నీకేటి పోయిందిరా అని మాత్రం అంది, నా వైపు చూడకుండా.

నాకు పోయేది నా పంతం. నా బొమ్మని నన్నడక్కుండా బాగుచెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు, దెయ్యానికైనా సరే. ఆ మాట వరండాలో నిలబడి గట్టిగానే అన్నాను. ఎదురింటి భాభీ ఎవరితో పోట్లాడుతున్నావు భయ్యా అని గోడ మీంచి చూసింది. గాలితో అన్నాను.

విమానాన్ని నాన్న ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. దానికి రెండో చెవి ఒకటుండేది, నాన్న పోయాక అది ఇంట్లో ఎవరికీ దొరకలేదు. మర్నాడు పెట్టె తీస్తే చిరుగు మళ్ళీ అతికి ఉంది. నేను మళ్ళీ చింపాను. ఇలా మా ఇద్దరికీ, అవతల ఉన్నదెవరైనాగానీ, పోటీ నడిచింది. నేను గ్యారేజీకి వెళ్ళేముందు పాడుచెయ్యడం, అవతలివాళ్ళు బాగుచెయ్యడం. భయం వెయ్యలేదా అని మీరడగొచ్చు. లేదు. ఒళ్ళు మండేది. నిజం చెప్పాలంటే, పొద్దున్నే పెట్టె మూత తీసేటప్పుడు కొంచెం హుషారుగా కూడా ఉండేది.

ఒక్క చక్రం కాలు మాత్రం బాగుపడలేదు. విమానం ఒక పక్కకి ఒరిగే ఉండేది. అది చేతకావట్లేదా అని పెట్టెలోకి వంగి అడిగాను కూడా.

ఒకరోజు పొద్దున్న ఫ్యాను రెక్క వంచి, చిరుగు లాగి, తాళం వేసి పనికెళ్ళాను. కారు డోరుకి రంగు కొడుతుండగా గ్యారేజీకి కబురొచ్చింది. లలితకి నొప్పులు. ఇంకా నెల ఉండగానే. అమ్మా, ఎదురింటి భాభీ కలిసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రంగు చేతులతోనే స్కూటరెక్కాను.

ఆసుపత్రి వరండాలో అమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. డాక్టరమ్మ బయటికొచ్చి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది, గుండె చప్పుడు తగ్గుతోంది, చూస్తున్నాం అని హిందీలో చెప్పి లోపలికెళ్ళిపోయింది. బావ దుర్గ్ నుంచి బయల్దేరాడు. అమ్మ పొద్దున్న ఏం విరిచి వచ్చావని అడగలేదు. నా వేళ్ళకంటిన వెండి రంగు కేసి చూసి, తల తిప్పుకుంది.

నింద నా బొమ్మ మీద పడాలని కదా అంత పట్టుబట్టాను. తీరా పడబోయేసరికి నేను మొయ్యలేకపోయాను.

బిడ్డని చుట్టడానికి కొత్త బట్ట పనికిరాదు, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె కావాలి. కంగారులో అది ఇంట్లోనే మర్చిపోయారు. తీసుకురమ్మని అమ్మ పంపింది. దారంతా నాకు ఒకటే ఆలోచన. పంచె తియ్యాలి, పెట్టె తియ్యాలి, ఆ రెక్క తిన్నగా చెయ్యాలి, ఆ చిరుగు అతకాలి. నేను నమ్మను. నమ్మకపోయినా చేస్తాను. లలిత కోసం ఏ అడ్డమైన పనైనా చేస్తాను, దీనికేం.

ఇంటికి తాళం వేసి ఉంది. ఆసుపత్రిలో భాభీ ఇచ్చిన తాళంచెవితో తీశాను. పంచె భుజాన వేసుకుని, కటింగ్ ప్లయర్ చేతిలో పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాను. మొలతాడు చెవితో తాళం తీశాను.

విమానం తిన్నగా నిలబడి ఉంది.

ఫ్యాను రెక్క, రెక్క చివర చిరుగు, అన్నీ సరిగా ఉన్నాయి. చక్రం కాలు కూడా. విరిగిన రెండు ముక్కలూ కలిపి సన్నటి రాగి వైరుతో చుట్టి ఉంది, చివర చిన్న మెలి. ఓడిపోదామని వస్తే, ఓడిపోయే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు.

ఆ మెలిని ప్లయర్‌తో పట్టుకున్నాను. అందరూ విప్పే వైపు, మెల్లిగా, కొంచెం తిప్పాను.

బిగిసింది.

పంచె తీసుకుని తిరిగి వెళ్ళేసరికి వరండాలో అమ్మ నిలబడి ఉంది. ఆపరేషను చేసి తీశారు, ఆడపిల్ల, తక్కువ బరువు, అద్దాల పెట్టెలో పెట్టారు. లలిత బాగుంది. తర్వాత చూడనిచ్చారు. మత్తులో ఉన్నా నన్ను చూసి, విమానం ఎలా ఉందన్నయ్యా అంది. దిగింది, పైలటు క్షేమం అన్నాను. నవ్వితే కుట్లు లాగుతాయని నర్సు నన్ను బయటికి పంపేసింది.

పిల్ల కొన్నాళ్ళకి ఇంటికొచ్చింది. ఇప్పుడు నన్ను వేళాకోళం చేసేంతదైంది. ఎవరి మీదా ఏ నిందా పడలేదు, లలిత ఏమీ ఆలోచించకుండా కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతుంది. నాకు అది చాలు.

తర్వాత అమ్మకి ఆ వైరు చూపించాను. వేలితో ఒకసారి తాకి, "ఈ మనిషి రిటైరయినా డూటీ మానడు" అంది. అంతే. రెండో తాళంచెవి నీ దగ్గరుందా అని అడిగితే, నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. సరే, ఉందనుకుందాం. పచ్చడి జాడీ మూత తీయలేని వేళ్ళతో ఆ మెలి వేసిందనుకోవడం మాత్రం నావల్ల కాలేదు. లలిత వేసిందనుకుందామంటే, అది కుడిచేతి మనిషి, పైగా ఆ వేళకి ఆసుపత్రిలో ఉంది. నేనే నిద్రలో లేచి చేశానని బావ అంటాడు. నేను మెలకువలో కూడా రేకు మీద గీత లేకుండా చెయ్యలేను బావా అన్నాను.

నమ్మానా? లేదు. నమ్మనని రుజువు చెయ్యడానికే, పిల్ల ఇంటికొచ్చిన మర్నాడు ఫ్యాను రెక్కని మళ్ళీ వంచి, విమానాన్ని బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టాను. తాళం లేదు, పెట్టె లేదు. దమ్ముంటే దీన్ని బాగుచెయ్యమన్నాను.

ఆ రెక్క ఇప్పటికీ వంగే ఉంది. దాని మీద మా ఊరి దుమ్ము పేరుకుంది, నేను పూసిన దానికంటే బాగా. నేను తుడవను, తిన్నగా చెయ్యను. పొద్దున్న లేవగానే మాత్రం, మొహమైనా కడుక్కోకుండా వెళ్ళి చూసి వస్తాను.